కూలిన బుష్ ప్లేన్‌ను కొత్త విడిభాగాలతో మళ్లీ నిలబెట్టడం: తిరుపతి షెడ్డులో మొదటి బోల్టు నుంచి తొలి ఎగురుడు వరకు

బుష్ ప్లేన్ అంటే రన్‌వే లేని అడవుల్లో, ఇసుక తిన్నెల మీద దిగగల చిన్న విమానం. అలాంటిదే పైపర్ సూపర్ కబ్. కూలిన సూపర్ కబ్‌లో అన్నిటికంటే విలువైన భాగం అరచేతిలో ఇమిడే ఒక రేకు. తయారీదారు పేరు, మోడల్, సీరియల్ నంబరు దాని మీదే చెక్కి ఉంటాయి. ఇంజిన్ కొత్తది దొరుకుతుంది, రెక్కలు దొరుకుతాయి, ఫ్రేము మొత్తాన్ని కొత్తగా వెల్డింగు చేసి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. ఆ రేకును, దానితో ముడిపడిన లాగ్‌బుక్కులను మాత్రం ఎవరూ కొత్తగా చేసివ్వలేరు. అందువల్ల పానా పట్టుకోకముందే బీరువా తెరిచి కాగితాలు చూడాలి.

ఈ మార్గదర్శికి నమూనాగా సూపర్ కబ్‌నే తీసుకుంటున్నాను. 1949లో వచ్చిన ఈ పీఏ-18 అలాస్కా నదుల ఇసుక తిన్నెల మీద, అడవుల్లోని గుట్టల మీద దిగి పేరు తెచ్చుకుంది. పీఏ-18-150 రకంలో 150 అశ్వశక్తి లైకమింగ్ ఓ-320 ఇంజిన్ ఉంటుంది. రెక్కల కొస నుంచి కొసకు 10.7 మీటర్లు, గరిష్ఠ బరువు 794 కిలోలు. ఉక్కు గొట్టాల ఫ్రేము, అల్యూమినియం స్పార్లు (రెక్క పొడవునా సాగే దూలాలు), వాటి మీద బిగించిన గుడ్డ, అంతే దీని నిర్మాణం. ఇలా విడదీయగల కట్టుబాటు ఉండబట్టే కూలినా మళ్లీ నిలబెట్టవచ్చు. మన దేశంలో 1958లో తొలిసారి ఎగిరిన హెచ్ఏఎల్ పుష్పక్ కూడా గొట్టాల ఫ్రేము, గుడ్డ చుట్టిన ఎత్తు రెక్కల విమానమే. ఫ్లయింగ్ క్లబ్బుల గోదాముల్లో దాని మొండేలు కనిపిస్తే ఇక్కడ రాసిన పద్ధతిలో చాలావరకు దానికీ పనికొస్తుంది.

ముందు కాగితాలు

ప్రమాదం జరిగిన విమానాన్ని దర్యాప్తు అధికారులు వదిలిపెట్టేదాకా కదిలించకూడదు. లోపలివాళ్లను బయటికి తీయడం, మంటలు ఆపడం, జనానికి ప్రమాదం తప్పించడం లాంటి అవసరాలకే మినహాయింపు. కొనేముందు దర్యాప్తు ముగిసినట్టు, బీమా సంస్థ హక్కు వదులుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి. రేకు మీద నంబరు, ఫ్రేము మీద నంబరు, రిజిస్ట్రేషన్ పత్రంలో నంబరు మూడూ కలవాలి. ఒక విమానం రేకును ఊడబీకి మరో ఫ్రేముకు కొట్టి అమ్మేవాళ్లు ఏ దేశంలోనైనా ఉంటారు. అది నేరం. రేకు ఒక్కటే పొట్లంలో పెట్టి అమ్మజూపితే వెనక్కి తిరగండి.

మన దేశంలో విమానం ఎగరాలంటే వీటీ అక్షరాలతో మొదలయ్యే రిజిస్ట్రేషను, ఎగరడానికి యోగ్యమన్న ధ్రువపత్రం రెండూ డీజీసీఏ (పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్) ఇవ్వాలి. 1934 నాటి విమాన చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లో ఉంది కాబట్టి పాత పుస్తకాల్లోని సెక్షన్ల నంబర్లు పట్టుకుని దరఖాస్తు రాయకండి. విదేశం నుంచి పాత విమానం తెప్పించాలంటే దిగుమతికి ముందే అనుమతి కావాలి. దాని వయసు, చరిత్ర చూశాకే ఇస్తారు. తిరుపతి, చిత్తూరు వాళ్లకు చెన్నై, బెంగళూరు రెండు వైపులా డీజీసీఏ కార్యాలయాలు అందుబాటులోనే ఉన్నాయి. శకలాన్ని లారీ ఎక్కించకముందే అక్కడికి వెళ్లి మాట్లాడటం మంచిది.

ఇంకో మాట. పని మీ చేతులతో చేసినా సంతకం మీది కాదు. ఆ తరగతి విమానానికి లైసెన్సు ఉన్న ఏఎంఈ (విమాన నిర్వహణ ఇంజినీరు) గాని, అనుమతి పొందిన మరమ్మతు సంస్థ గాని పనిని దశలవారీగా చూసి ధ్రువీకరించాలి. గుడ్డ కప్పేశాక వచ్చి సంతకం పెట్టమంటే ఏ మంచి ఇంజినీరూ పెట్టడు, పెట్టకూడదు కూడా. అందుకని ఆయన్ను మొదటి రోజే పిలిచి, ఏయే దశలో ఆగి చూపించాలో ఒక పట్టిక రాయించుకోండి. పైపర్ విడిభాగాల కేటలాగు, సర్వీసు మాన్యువల్, ఇంజిన్ మాన్యువల్, అమెరికా విమానయాన సంస్థ (ఎఫ్ఏఏ) ప్రచురించిన ఏసీ 43.13-1బి అనే మరమ్మతుల గ్రంథం బల్ల మీద ఉండాలి. చివరిది ఉచితంగా దొరుకుతుంది. వెల్డింగు నుంచి గుడ్డ కుట్టు దాకా బొమ్మలతో ఉంటుంది.

దెబ్బ ఎటు ప్రయాణించిందో వెతకండి

ఈ పనిలో నాకున్న పట్టింపు ఒక్కటే. దెబ్బ విమానంలోకి ఎక్కడ ప్రవేశించి, ఏ దారిన వెళ్లి, ఎక్కడ ఆగిందో తేలేవరకు ఒక్క భాగం కూడా ఆర్డరు పెట్టకూడదు. విరిగిన చోటు ఎవరికైనా కనిపిస్తుంది. అక్కడ శక్తి ఖర్చయిపోయింది కాబట్టే అది విరిగింది. విరగకుండా ఆ శక్తిని పక్కకు పంపిన భాగాలే రేపు ఆకాశంలో ప్రాణం తీస్తాయి.

ప్రమాదం రకాన్ని బట్టి దారి మారుతుంది. మెత్తని నేలలో చక్రాలు దిగబడి విమానం తలకిందులైతే ప్రొపెల్లర్, ఇంజిన్ మౌంటు, నిలువు తోక పైభాగం, రెక్కల పైతలం దెబ్బతింటాయి. రెక్కను కింద నుంచి పట్టి ఉంచే స్ట్రట్లు మామూలుగా లాగుడును తట్టుకుంటాయి. విమానం వీపు మీద పడినప్పుడు అవే నొక్కుడుకు లోనై వంగుతాయి. దిగేటప్పుడు గిర్రున తిరిగి ఒక కాలు మడుచుకుంటే గేర్ (చక్రాల కాళ్లు) బిగించిన చెవులు, అంటే బోల్టు రంధ్రమున్న ఫలకాలు, ఫ్రేము కింది పొడవాటి గొట్టాలు, ఎదురు వైపు రెక్క వెనక స్పార్ మూలం చూడాలి. ఎత్తు నుంచి దబ్బున పడితే సీటు కింద గొట్టాలు, రెక్క మూలం బోల్టు రంధ్రాలు సాగుతాయి.

పాత గుడ్డను మొత్తం విప్పండి. ఎంత కొత్తగా కనిపించినా ఉంచొద్దు. విప్పుతూ ప్రతి కీలును, ప్రతి కేబుల్ దారిని, ప్రతి క్లిప్పును ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. గుడ్డ మీద టేపులు, తనిఖీ రంధ్రాలు ఎక్కడున్నాయో కొలతలతో రాసుకోండి. తర్వాత ఫ్రేమును సమతలంగా నిలబెట్టి తోక స్తంభం నుంచి రెక్క బిగించే ఎడమ, కుడి చెవులకు ఉక్కు టేపుతో కొలవండి. రెండూ సమానంగా రావాలి. తలుపు చట్రం, ముందు ఫైర్‌వాల్ (ఇంజిన్ వెనక అడ్డుగోడ) దగ్గర కర్ణాలు కూడా అలాగే. సన్నని దారం ఒకటి ముక్కు మధ్య నుంచి తోక మధ్యకు లాగి కట్టి, కింద గొట్టాలన్నీ దానికి రెండు వైపులా సమదూరంలో ఉన్నాయో లేదో చూస్తే, మెలిక పడిన ఫ్రేము దాచుకోలేదు.

దెబ్బతో సంబంధం లేని శత్రువు తుప్పు. తోక చక్రం విమానం నేల మీద ఎప్పుడూ తోక కిందికి పెట్టి కూర్చుంటుంది. లోపలికి చేరిన తేమ జారి తోక దగ్గర కింది గొట్టాల్లో నిలుస్తుంది. బయట రంగు నిగనిగలాడుతూ లోపల గొట్టం అట్టలా అయిపోతుంది. అక్కడ పదునైన పోటు పెట్టి సుత్తితో చిన్నగా కొట్టి చూడాలి. దిగబడితే ఆ గొట్టం పోయినట్టే. పాత పైపర్ రెక్క స్ట్రట్లకూ ఇదే జబ్బు. వాటి తనిఖీని అమెరికా విమానయాన సంస్థ తప్పనిసరి ఆదేశంగా చేసింది. ఇప్పుడు రెండు కొసలా మూసి సీలు చేసిన కొత్త స్ట్రట్లు దొరుకుతున్నాయి. నా అభిప్రాయంలో పాతవాటిని పరీక్షించే శ్రమ కూడా వృథా. నాలుగూ కొత్తవి కొనండి.

ఫ్రేము: కొనాలా, అతకాలా

రెండు మూడు గొట్టాలు వంగితే మరమ్మతు చేయవచ్చు. రెక్క బిగించే చోట్లు, గేర్ చెవులు, తలుపు చట్రం కలిపి మెలిక పడితే కొత్త ఫ్రేముదే న్యాయం. అయితే కొత్త ఫ్రేముతో పాత గుర్తింపును కొనసాగించాలంటే తయారీ అనుమతి ఉన్న ఫ్రేమే కావాలి. పాతదాన్ని ఎలా తీసేశారో కాగితం మీద ఉండాలి. అనుమతి లేని ఫ్రేము ఎంత అందంగా ఉన్నా అది మరో విమానం అవుతుంది.

అతకడానికి నిర్ణయించుకుంటే ఇక్కడ మనకు ఒక సౌలభ్యం ఉంది. తిరుపతిలో రైల్వే క్యారేజ్ రిపేర్ షాపు ఉంది కాబట్టి జీవితమంతా వెల్డింగులో గడిపి రిటైరైన చేతులు చుట్టుపక్కల దొరుకుతాయి. ఆ నైపుణ్యం గొప్పదే కానీ బోగీ ఉక్కు వేరు, ఇది వేరు. ఇక్కడి గొట్టం 4130 అనే క్రోమ్-మాలిబ్డినం ఉక్కు. దాని గోడ మందం చాలాచోట్ల 0.9 మిల్లీమీటర్లే. టిగ్ వెల్డింగులో ఈఆర్70ఎస్-2 కడ్డీతో, తక్కువ వేడితో, అతుకు మొత్తం ఒకేసారి చుట్టేయకుండా ఎదురెదురు వైపులు మార్చి పోయాలి. మా షెడ్డులో జరిగిన మాటలివి:

"సార్, ఈ ఉక్కపోతలో ఫ్యాను కట్టేయమంటున్నారేమిటి?"

"అన్నా, గాలి తగిలితే అతుకు గబుక్కున చల్లారి పెళుసెక్కుతుంది. నీళ్లు కూడా చల్లొద్దు. దానంతట అదే చల్లారనివ్వండి."

"అయితే పని తెల్లవారుజామున పెట్టుకుందాం సార్. మధ్యాహ్నం మనమూ చల్లారలేం, అదీ చల్లారదు."

ఆయన సలహా సరైనది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ రేకుల షెడ్డు కింద వెల్డింగు ఉదయం ఎనిమిది లోపే ముగించాలి.

అతికే గొట్టంలోకి సరిగ్గా పట్టే లోపలి గొట్టం దూర్చి, కొసను 30 డిగ్రీల వాలులో గాని చేప నోరులా గాని కోసి వెల్డు చేయాలి. అతుకు రెండు కూడళ్ల మధ్య భాగపు నడి మూడో వంతులో రాకూడదు, వంపు బలం అక్కడే ఎక్కువ. రెండు కూడళ్ల మధ్య ఉండే ఆ భాగాన్నే గది అంటాం. ఒకే గదిలో ఒకే గొట్టానికి రెండు అతుకులు వద్దు. సొట్ట లోతు గొట్టం వ్యాసంలో పదో వంతు మించకుండా, చుట్టుకొలతలో పావు వంతు దాటకుండా, చీలిక లేకుండా ఉంటేనే పైన పట్టీ వేసి సరిపెట్టవచ్చు. పాత ఇత్తడి అతుకు మీద మాత్రం ఎప్పుడూ వెల్డింగు చేయకండి, ఇత్తడి ఉక్కులోకి ఇంకి పగులు తెస్తుంది. ఫ్రేము అమరిక చెడకుండా గట్టి ఐ-బీముల మీద జిగ్గు (ఫ్రేము కదలకుండా పట్టే చట్రం) కట్టి, రెక్క చెవులను, గేర్ చెవులను నకిలీ బోల్టులతో దానికి బిగించాకే మంట ముట్టించాలి. చిత్తూరు లేతు పనివాళ్లు ఆ జిగ్గు పిన్నులను చక్కగా తిప్పి ఇస్తారు. జిగ్గు వరకే సుమా! విమానంలో మిగిలే ఏ పిన్నూ లేతు షాపులో చేయించకూడదు.

వెల్డింగు అయ్యాక గొట్టాల్లో కాచిన అవిసె నూనె పోసి, ఫ్రేమును అటూ ఇటూ తిప్పి, వంపేసి, రంధ్రాలు మూయాలి. లోపలి తుప్పుకు అదే పాత మందు. బయట ఇసుకతో రుద్దించిన వెంటనే రెండు పాళ్ల ఎపాక్సీ ప్రైమరు పూయాలి. మామూలు రెడ్ ఆక్సైడు పూస్తే తర్వాత గుడ్డకు వాడే జిగురు దాన్ని లేపేస్తుంది.

రెక్కలు

అల్యూమినియం స్పార్ వంగినా, చీలినా మార్చడమే. రిబ్బులు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పట్టీలు) ఒక్కొక్కటిగా దొరుకుతాయి. అందువల్ల మంచి స్పార్ల మీద కొత్త రిబ్బులు ఎక్కించడం సాధారణం. చెక్క స్పార్లున్న పాత విమానమైతే టార్చిలైటును చెక్కకు దాదాపు ఆనించి పక్క నుంచి వెలుగు వేయండి. నారకు అడ్డంగా వెంట్రుకలాంటి గీత కనిపిస్తే అది నొక్కుడు పగులు. స్ట్రట్ బిగించే ఫలకాల కింద అది ఎక్కువగా దాగి ఉంటుంది. ఫలకం విప్పకుండా స్పార్ బాగుందని ఎవరు చెప్పినా నమ్మొద్దు. రెక్క లోపల అడ్డంగా కట్టిన తీగలను బిగిస్తూ ప్రతి గది కర్ణాలు సమానమయ్యేలా సరిచేయాలి. మూలం వైపు గది నుంచి మొదలుపెట్టి కొసకు వెళ్లాలి.

ఇంజిన్

ప్రొపెల్లర్ నేలను తాకితే ఇంజిన్ బాగా తిరుగుతున్నా సరే విప్పాల్సిందే. బ్లేడు ఆగిన క్షణంలో క్రాంక్‌షాఫ్టు వెనక గేరు మీద, దాన్ని పట్టి ఉంచే ఒకే ఒక బోల్టు మీద, చిన్న డోవెల్ పిన్ను మీద భారమంతా పడుతుంది. ఆ గేరు వదులైతే మాగ్నెటోలు (ఇంజిన్‌కు నిప్పురవ్వ ఇచ్చేవి), క్యామ్ (వాల్వులు తెరిచేది), ఆయిలు పంపు అన్నీ ఒకేసారి ఆగుతాయి. అందుకే లైకమింగ్ ఇంజిన్లకు 2004లో అమెరికా విమానయాన సంస్థ తప్పనిసరి ఆదేశం ఇచ్చింది. లైకమింగ్ సర్వీసు బులెటిన్ 533 ఏ దెబ్బను ప్రొపెల్లర్ దెబ్బగా లెక్కించాలో చెబుతుంది. ఇంజిన్ ఆగి ఉండగా ప్రొపెల్లర్‌కు తగిలిన దెబ్బ కూడా కొన్ని సందర్భాల్లో అందులోకి వస్తుంది.

క్రాంక్‌షాఫ్టు, కనెక్టింగ్ రాడ్లు, క్యామ్‌షాఫ్టు కంటికి కనపడని పగుళ్లు పట్టే అయస్కాంత కణ పరీక్షకు వెళ్లాలి. ఇది తిరుపతి ఆటోనగర్‌లో అయ్యే పని కాదు, అనుమతి ఉన్న ఇంజిన్ షాపుకే పంపండి. ఓ-320 నాలుగు సిలిండర్ల ఇంజిన్, సామర్థ్యం 5.2 లీటర్లు. కొత్త సిలిండర్లు నాలుగూ జతగా కొంటే తర్వాత తలనొప్పి తక్కువ. రబ్బరు గొట్టాలన్నీ పారేయండి. ఆయిలు కూలర్ లోపల లోహపు రజను దాక్కుంటుంది, అది కొత్తదే వేయండి. వంగిన ఇంజిన్ మౌంటును జిగ్గు ఉన్న షాపు తప్ప ఎవరూ సరిచేయకూడదు. వంగిన అల్యూమినియం ప్రొపెల్లర్‌ను సుత్తితో సాపు చేయించుకున్నవాళ్ల గురించి వినే ఉంటారు. వాళ్లను ఆదర్శంగా తీసుకోకండి.

బ్యాటరీల తయారీకి పేరుపడ్డ కరకంబాడి పక్కనే ఉన్నాం కదా అని ఆటో బ్యాటరీ పెట్టాలన్న ఆశ వద్దు. విమానానికి అనుమతించిన రకమే పెట్టాలి, తలకిందులైనా యాసిడ్ కారనిది.

విడిభాగాలు తెప్పించడం

జాబితా ఒకేసారి పూర్తిగా తయారు చేసి, మూడు పెట్టెలుగా విభజించండి: ఫ్రేము-రెక్కల భాగాలు, ఇంజిన్ భాగాలు, గుడ్డ-రసాయనాలు. మూడోది విడిగా ఎందుకంటే జిగురు, రంగు, సాల్వెంటు మండే సరుకు. మామూలు పార్సిల్‌లో కలిపితే మొత్తం పెట్టె ఆగిపోతుంది. పెద్ద రెక్కలు ఓడలో చెన్నై రేవుకు వస్తాయి, అక్కడి నుంచి తిరుపతికి ఒక పూట లారీ ప్రయాణం.

ప్రతి భాగంతో విడుదల పత్రం రావాలి. అమెరికా నుంచైతే ఎఫ్ఏఏ 8130-3, ఐరోపా నుంచైతే ఈఏఎస్ఏ ఫారం 1, మన దేశంలోని అనుమతి పొందిన సంస్థ నుంచైతే డీజీసీఏ సీఏ ఫారం 1. బోల్టులు, నట్ల లాంటి ప్రామాణిక సరుకుకు తయారీదారు అనుగుణ్యత పత్రం చాలు. విమాన విడిభాగాల దిగుమతిపై ఐజీఎస్టీని 2024 జూలై 15 నుంచి షరతులతో ఏకరీతిగా 5 శాతం చేశారు. ఆ షరతులు మీకు వర్తిస్తాయో లేదో కస్టమ్స్ ఏజెంటును ముందే అడగండి.

బోల్టుల గురించి కాస్త ఆగి చెప్పాలి. ఏఎన్ (అమెరికా విమాన ప్రమాణం) ఉక్కు బోల్టు తల మీద ఉబ్బెత్తుగా ఒక అడ్డగుర్తు గాని నక్షత్రం గాని ఉంటుంది. ఒకే గీత ఉంటే తుప్పు పట్టని ఉక్కు, రెండు గీతలైతే అల్యూమినియం. తల మీద 8.8 అని అంకె ఉంటే అది ట్రాక్టరుకు మంచిదే, ఇక్కడ కాదు. ఏఎన్-4 అంటే వ్యాసం అంగుళంలో పదహారు భాగాలకు నాలుగు, అంటే పావు అంగుళం. మర ఉన్న భాగం ఫలకం రంధ్రంలో భారం మోయకూడదు కాబట్టి మర లేని మెడ పొడవు ఫలకాల మందానికి సరిపోవాలి. తేడాను వాషరుతో సరిచేయాలి. మామూలు ఉక్కు నట్టుతో ఏఎన్-3కి 20 నుంచి 25 అంగుళం-పౌండ్లు, ఏఎన్-4కి 50 నుంచి 70, ఏఎన్-5కి 100 నుంచి 140 బిగింపు. చేతి అంచనాతో బిగిస్తే ఏఎన్-3 మెడ సాగిపోతుంది. బోల్టు తిరిగే కీళ్ల దగ్గర నైలాన్ నట్టు పనికిరాదు, గాళ్లున్న కోట నట్టుకు పిన్ను వేయాలి. ఇంజిన్ గదిలోనూ నైలాన్ వద్దు. 121 డిగ్రీల సెల్సియస్ దాటితే దాని పట్టు పోతుంది.

గుడ్డ కప్పేముందు ఒకసారి మొత్తం కట్టండి

ఇది చాలామంది దాటేసే మెట్టు. రెక్కలు, స్ట్రట్లు, తోక, గేర్, ఇంజిన్, కేబుళ్లు అన్నీ గుడ్డ లేకుండానే ఒకసారి బిగించి చూడండి. కొత్త రెక్క పాత చెవికి కూర్చోకపోతే ఇప్పుడే తెలుస్తుంది. స్టిక్కును కుడికి వంచితే కుడి ఎయిలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) పైకి లేవాలి. వెనక్కి లాగితే ఎలివేటర్ (తోక దగ్గర కదిలే అడ్డ పలక) పైకి లేవాలి. కొత్త కేబుళ్లు వేసిన విమానాల్లో ఎయిలరాన్లు తిరగబడి ప్రాణాలు పోయిన ఘటనలు ప్రపంచమంతటా ఉన్నాయి. పని చేసిన మనిషి కాకుండా వేరే మనిషి స్టిక్కు పట్టుకుని, ఇంకొకరు రెక్క దగ్గర నిలబడి గట్టిగా చెబుతూ పరీక్షించాలి. కేబుల్ బిగువు సర్దే టర్న్‌బకిల్ బయట మూడు మరలకు మించి కనిపించకూడదు. భద్రతా తీగ చుట్టు బిగింపు వైపే లాగేలా ఉండాలి. కేబుల్ కప్పీల దగ్గర పాత గుడ్డముక్కతో తుడవండి, తెగిన పోగు ఉంటే గుడ్డకు తగులుకుంటుంది.

గుడ్డ

ఇప్పుడు వాడేది పాలిస్టర్, పాత నూలు గుడ్డ కాదు. ఈ విమానానికి చదరపు గజానికి 2.7 ఔన్సుల రకం ఎక్కువగా వాడతారు. జిగురు, పూత, టేపు, రంగు అన్నీ ఒకే అనుమతి పొందిన పద్ధతిలోవే కావాలి. ఒక కంపెనీ జిగురు, మరో కంపెనీ పూత కలిపితే అనుమతి చెల్లదు. అంతకంటే ముందు, రెండేళ్లకు పొరలు విడిపోవచ్చు.

తిరుపతిలో ఈ పనికి కాలం చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు పూత వేస్తే సాల్వెంటు ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరిచి, నీరు పట్టి, తెల్లగా బూజు పట్టినట్టు అవుతుంది. ఏప్రిల్, మే వేడిలో పూత బ్రష్షు మీదే ఆరిపోతుంది. జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకా మనకు అనుకూలం.

గుడ్డను అంచుల దగ్గర జిగురుతో అంటించి కాస్త వదులుగా వదలాలి. తర్వాత ఇస్త్రీ పెట్టెతో బిగించాలి. ఇస్త్రీ పెట్టె మీద 'సిల్కు', 'నూలు' అన్న గుర్తులు ఇక్కడ దేనికీ పనికిరావు. అడుగుభాగానికి థర్మామీటరు ఆనించి కొలిచి, గుబ్బ మీద మీరే గీతలు గీసుకోండి. మొదట 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొత్తం తలాన్ని ఒకసారి, తర్వాత 150 దగ్గర, చివరకు 177 దగ్గర. మూలలు, కుట్లు ముందు. ఒకే చోట ఆగకుండా పెట్టెను జరుపుతూ ఉంటే ముడతలు కళ్లముందే ఇంకిపోయి, గుడ్డ వేలితో మీటితే తప్పెట చర్మంలా మోగుతుంది. 190 దాటితే బిగువు శాశ్వతంగా పోతుంది, మళ్లీ ఎంత రుద్దినా రాదు.

బిగించిన గుడ్డను రిబ్బులకు కుట్టాలి. రెక్కను అంచు మీద నిలబెట్టి ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు అడుగు పొడవు సూదిని రిబ్బు పక్క నుంచి దూరుస్తారు, రెండోవారు రిబ్బుకు అవతలి పక్క నుంచి తిరిగి పంపుతారు. మైనం పట్టించిన దారాన్ని లాగి ముడి వేసేటప్పుడు ఇద్దరి చేతుల లాగుడూ ఒకేలా ఉండాలి. ఈ పనిలో ఊళ్లో టైలరింగు చేసే ఆడవాళ్ల చేయి మెకానిక్కుల చేయి కంటే నిలకడగా ఉంటుంది. వాళ్లకు ముడి ఒకసారి చూపిస్తే చాలు. కుట్ల మధ్య దూరం పాత గుడ్డ మీద మీరు రాసుకున్న కొలతే, ప్రొపెల్లర్ గాలి తగిలే మూలం దగ్గర దగ్గరగా. కుట్టుకు బదులు స్క్రూలో రివెట్లో ఉంటే అవే వాడాలి.

మొదటి పూత బ్రష్షుతో గుడ్డ పోగుల్లోకి ఇంకేలా వేయాలి. లోపలికి చూస్తే అవతలి వైపు చిన్న బొట్లుగా తేలాలి గానీ కారకూడదు. టేపులు, నీరు కారే రంధ్రాలు అమర్చాక అల్యూమినియం పొడి కలిపిన వెండి పూత. అతినీలలోహిత కిరణాలను ఆపేది ఇదే, రాయలసీమ ఎండలో దీన్ని పొదుపు చేయకండి. రెక్క లోపల బల్బు వెలిగించి చీకట్లో చూస్తే వెలుగు రాకూడదు. పొదుపు పై రంగులో చేయండి. అందం కోసం వేసే ప్రతి పూతా కిలోల బరువు, బుష్ ప్లేన్‌కు ఉన్న ఒకే ఒక ఆస్తి తేలిక. ముసుగు, గాలి ఆడే షెడ్డు, మంట దరిదాపుల్లో లేకపోవడం తప్పనిసరి. ఆయుధపూజ రోజున కర్పూరం రోడ్డు మీద వెలిగించుకోండి.

ఇంధనం, తూకం

రెక్కల్లోని ట్యాంకుల నుంచి ఇంధనం కేవలం కిందికి జారి వస్తుంది, పంపు లేదు. అందువల్ల ముక్కు బాగా పైకెత్తి, ఎగిరే భంగిమలో పెట్టి, కార్బురేటర్ దగ్గర గొట్టం విప్పి డబ్బాలోకి వదలి కొలవాలి. ఎగిరేటప్పుడు ఇంజిన్ తాగేదానికి ఒకటిన్నర రెట్లు రావాలి. గంటకు 50 లీటర్లు తాగితే 75 లీటర్లు, అంటే నిమిషానికి 1.25 లీటర్లు. పెట్రోలు బంకు ఇంధనం పోయకండి, ఇప్పుడు దానిలో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, సీళ్లను తినేస్తుంది. వాడాల్సింది అవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్ అనే విమాన పెట్రోలు. 2022 నుంచి ఇండియన్ ఆయిల్ దాన్ని మన దేశంలోనే తయారు చేస్తోంది.

తూకం మూడు చక్రాల కింద మూడు కాటాలతో, విమానం సమతలంగా ఉండగా, తలుపులు మూసిన షెడ్డులో. ఉదాహరణకు ముందు చక్రాల మీద కలిపి 400 కిలోలు, తోక చక్రం మీద 25 కిలోలు, రెంటి మధ్య దూరం 5.2 మీటర్లు అనుకుందాం. 25ను 5.2తో గుణించి 425తో భాగిస్తే 0.306. అంటే గురుత్వ కేంద్రం ముందు ఇరుసుకు 30.6 సెంటీమీటర్లు వెనక ఉంది. దీన్ని మాన్యువల్‌లోని పరిధితో పోల్చి, పైలట్, ప్రయాణికుడు, ఇంధనం, సామాను చేర్చి మళ్లీ లెక్కించాలి. పాత కాగితం మీది బరువును కొత్త విమానానికి రాసుకోకూడదు.

అత్యవసర సంకేత పరికరం 406 మెగాహెర్ట్‌జ్‌ది కావాలి. పాత 121.5ను ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరిలోనే ఆపేశాయి. దాని కోడును బెంగళూరులోని ఇస్రో కేంద్రంలో నమోదు చేయించండి.

తొలి ఎగురుడు

ఎక్కడ నుంచి ఎగరాలన్నది మీ ఇష్టం కాదు. చంద్రగిరి పక్కన మామిడి తోట మధ్య ఎంత చదునైన నేల ఉన్నా అనుమతి లేకుండా కుదరదు. రేణిగుంటలో విమానాల రాకపోకలుంటాయి, తూర్పున శ్రీహరికోట ప్రయోగాల రోజుల్లో గగనతలం మూస్తారు. పరీక్షా ఎగురుడుకు అనుమతి ఎక్కడ దొరికితే అక్కడికి రెక్కలు విప్పి లారీలో తీసుకెళ్లడానికి సిద్ధంగా ఉండండి. వెళ్లేముందు గాలి వేగం కొలిచే పిటో గొట్టంలోకి, ఇంధన ట్యాంకు శ్వాస రంధ్రంలోకి తీగ పెట్టి చూడండి. మన కుమ్మరి పురుగుకు ఆ రంధ్రాలంటే చాలా ఇష్టం, ఒక్క మధ్యాహ్నంలో మట్టి గూడు కట్టేస్తుంది.

కాలం కూడా లెక్కలోకి వస్తుంది. రేణిగుంట సముద్రమట్టానికి దాదాపు 350 అడుగుల ఎత్తులోనే ఉంది. కానీ 42 డిగ్రీల ఎండలో అక్కడి గాలి పలచబడి 3,700 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. అంటే హార్సిలీ హిల్స్ కంటే కాస్త తక్కువ ఎత్తు నుంచి ఎగిరినట్టే. రన్‌వే ఎక్కువ తింటుంది, ఎక్కుడు మందగిస్తుంది, సిలిండర్లు కాగుతాయి. చలికాలపు తెల్లవారుజాము ఎంచుకోండి.

కొత్త సిలిండర్లున్న ఇంజిన్‌ను నేల మీద ఎక్కువసేపు తిప్పకూడదు. లీకులు, ఆయిలు ఒత్తిడి, రెండు మాగ్నెటోల పరీక్ష అయిపోగానే ఆపి, కౌలింగ్ (ఇంజిన్ మీది తొడుగు) విప్పి చూసి, మూసి, ఎగరాలి. రింగులు సిలిండరు గోడకు కూర్చోవాలంటే ఎక్కువ శక్తి మీద, ఎక్కువ గాలిలో నడవాలి. ఆ రోజు ఆ రకం విమానంలో అనుభవమున్న పైలట్ ఒక్కరే ఎక్కాలి. విమానం యజమాని అయినంత మాత్రాన మీరు ఆ పైలట్ కాదు. ఎయిర్‌స్ట్రిప్‌కు పైనే ఎత్తులో గిరికీలు కొట్టి, స్టాల్ (వేగం తగ్గి రెక్క పట్టు కోల్పోవడం) ఎక్కడ వస్తోందో, రెక్క ఏ వైపు బరువుగా ఉందో రాసుకుని దిగాలి. రెక్క బరువును వెనక స్ట్రట్ కొస తిప్పి సరిచేయవచ్చు, ఎంత తిప్పవచ్చో మాన్యువల్‌లో ఉంది.

దిగిన వెంటనే కౌలింగ్, తనిఖీ మూతలు అన్నీ విప్పండి. కొత్త కేబుళ్లు మొదటి కొన్ని గంటల్లో సాగుతాయి, బిగువు మళ్లీ కొలవాలి. 25 గంటలకు ఆయిలు మార్చి, ఫిల్టరును కోసి, మడతలు విప్పి ఎండలో పట్టి చూడండి. మెరిసే సన్నని రజను కొంత సహజం, గోటికి తగిలే ముక్క ఉంటే ఇంజిన్ షాపుకు ఫోను చేయాలి. ఆయిలు ఖర్చు నిలకడగా ఒక అంకె దగ్గర ఆగేవరకు, లేదా 50 గంటల దాకా, మినరల్ ఆయిలే వాడి ఆ తర్వాత మడ్డి పేరుకోనివ్వని మామూలు డిస్పర్సెంట్ ఆయిలుకు మారండి.